పొలం అమ్మిన సొమ్ము

పసిఫిక్ మహాసముద్రంలో, భూమధ్యరేఖకు కాస్త దిగువన, నౌరు అనే దీవి ఉంది. దేశం మొత్తం 21 చదరపు కిలోమీటర్లు. దీవి నడిబొడ్డున ఎత్తుగా ఉన్న భాగమంతా ఒకప్పుడు మేలురకం ఫాస్ఫేట్. ఇరవయ్యో శతాబ్దం మొదటి దశాబ్దంలో తవ్వకం మొదలైంది. ఆ మట్టి ఓడలెక్కి ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ పొలాలకు ఎరువుగా పోయింది. దీవివాసులకు దక్కింది నామమాత్రపు రాయల్టీ. 1968లో స్వాతంత్ర్యం వచ్చాక గనులు వాళ్ల చేతికొచ్చాయి. 1970లలో తలసరి ఆదాయంలో నౌరు ప్రపంచంలోనే ముందు వరుసలో నిలిచింది. పన్నుల్లేవు, వైద్యం ఉచితం, చదువు ఉచితం, సొంత విమాన సంస్థ. ఫాస్ఫేట్ అయిపోయే రోజు వస్తుందని వాళ్లకు తెలుసు. అందుకే ఒక ట్రస్టు పెట్టారు, మెల్‌బోర్న్‌లో 52 అంతస్తుల భవనం కట్టారు. కానీ ఆ ట్రస్టు లెక్కలు గట్టిగా అడిగేవాళ్లు లేకపోయారు. ఖజానాకు లోటు వచ్చినప్పుడల్లా అప్పు తెచ్చారు. 2004లో ఆ భవనం అప్పుల కింద అమ్ముడుపోయింది. మరుసటి ఏడాది మిగిలిన ఒక్క విమానాన్నీ అప్పులవాళ్లు పట్టుకుపోయారు. ఆస్ట్రేలియా తన తీరానికి రానివ్వని శరణార్థులను తమ దీవిలో ఉంచుకున్నందుకు ఇచ్చే సొమ్ము 2001 తర్వాత నౌరుకు ముఖ్యమైన రాబడుల్లో ఒకటైంది. తవ్వకం సాగిన అయిదింట నాలుగు వంతుల నేల మీద ఇప్పుడు సున్నపురాయి మొనలు తేలి ఉన్నాయి. సేద్యం మాట అటుంచి అక్కడ నడవడమే కష్టం.

నౌరు చిన్నది కాబట్టి దాని కథ మొదటి నుంచి చివరి దాకా ఒక్క చూపులో కనబడుతుంది. పెద్ద దేశాల్లో ఇదే కథ నెమ్మదిగా, గందరగోళంగా నడుస్తుంది. ఐక్యరాజ్యసమితి వాణిజ్య, అభివృద్ధి విభాగం లెక్కలో ఎగుమతుల్లో 60 శాతానికి మించి ముడిసరుకులే ఉన్న దేశాలు సుమారు వంద. చమురు, గ్యాస్, రాగి, వజ్రాలు, కోకో, కాఫీ వాటి బతుకుతెరువు. వీటిలో పంటల సంగతి వేరు, వచ్చే ఏడు మళ్లీ పండుతాయి. తవ్వితే తరిగిపోయే సరుకు గురించే ఈ వ్యాసం. బడ్జెట్ పుస్తకాల్లో ఆ సొమ్మును ఆదాయం కింద రాస్తారు. నిజానికి అది ఆస్తి అమ్మకం. పొలం అమ్మిన సొమ్మును పంట సొమ్ములా ఖర్చుపెట్టుకున్న కుటుంబం ఏమవుతుందో తెలుగు పల్లెల్లో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. డెబ్భై ఏళ్లుగా ఆర్థికవేత్తలు రాసిన సిద్ధాంతాలన్నిటినీ ఈ లెక్క పక్కన పెట్టి చూస్తే కొన్ని బాగా నిలబడతాయి, కొన్ని నిలబడవు.

మొదటి హెచ్చరిక 1950లో వచ్చింది. అర్జెంటీనాకు చెందిన రౌల్ ప్రెబిష్, ఐక్యరాజ్యసమితిలో పనిచేసిన హాన్స్ సింగర్ విడివిడిగా ఒకే మాట చెప్పారు: ముడిసరుకుల ధరలు దీర్ఘకాలంలో ఫ్యాక్టరీ సరుకుల ధరలకంటే వెనకబడతాయి, కాబట్టి ముడిసరుకు అమ్మే దేశం అదే యంత్రం కొనడానికి ఏటేటా ఎక్కువ సరుకు ఇచ్చుకోవలసి వస్తుంది. తర్వాతి పరిశోధనల్లో ఈ ధోరణి కొన్ని సరుకులకు కనబడింది, కొన్నిటికి కనబడలేదు. ధరలు పడిపోవడంకంటే ధరలు ఊగిసలాడటమే పెద్ద ప్రమాదమని ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకుంటున్నారు. నాకూ అదే సరైనదనిపిస్తుంది.

రెండో వివరణ నెదర్లాండ్స్ నుంచి వచ్చింది. 1959లో గ్రోనింగన్ దగ్గర భారీ గ్యాస్ నిక్షేపం బయటపడింది. గ్యాస్ అమ్మకాలతో విదేశీ సొమ్ము వచ్చిపడి గిల్డర్ విలువ పెరిగింది. దాంతో ఆ దేశపు ఫ్యాక్టరీ సరుకు బయటి కొనుగోలుదారులకు ఖరీదైపోయింది, ఫ్యాక్టరీల్లో ఉద్యోగాలు పోయాయి. 1977లో ‘ది ఎకానమిస్ట్’ పత్రిక దీనికి ‘డచ్ జబ్బు’ అని పేరు పెట్టింది. 1982లో ఆర్థికవేత్తలు కోర్డెన్, నియరీ దీన్ని సిద్ధాంతంగా మలిచారు. సంగతి తేలికే. డబ్బు పొంగిన చోట కూలీలు, పెట్టుబడి గనుల వైపు, కట్టడాల వైపు, దుకాణాల వైపు మళ్లుతాయి. ఎగుమతికి పనికొచ్చే మిగతా ఉత్పత్తి ఎండిపోతుంది. గని మూతపడ్డాక చూసుకుంటే పాత పని తెలిసినవాళ్లు ఉండరు. డచ్చివాళ్లు ఆ జబ్బు నుంచి కోలుకున్నారు. గ్యాస్ లాగిన చోట భూమి కుంగి చిన్న చిన్న భూకంపాలు వచ్చి ఇళ్లు బీటలు వారడంతో 2024లో ఆ క్షేత్రాన్ని చట్టం చేసి మరీ మూసేశారు.

నైజీరియాకు కోలుకునే వెసులుబాటు దొరకలేదు. 1956లో నైజర్ డెల్టాలోని ఒలోయిబిరి ఊళ్లో చమురు దొరికేనాటికి ఆ దేశం ప్రపంచానికి పామాయిల్, కోకో, వేరుశనగ అమ్మేది. ఉత్తరాన కానో నగరంలో వేరుశనగ బస్తాలను పిరమిడ్ల ఆకారంలో ఆకాశమెత్తున పేర్చేవారు. ఆ బొమ్మలు తపాలా బిళ్లల మీదా కరెన్సీ నోట్ల మీదా ఉండేవి. 1970లలో ఆ పిరమిడ్లు మాయమయ్యాయి. కరవు, పంట తెగులు కూడా దెబ్బతీశాయన్నది నిజమే. కానీ చమురు సొమ్ము చేతినిండా ఉన్న ప్రభుత్వానికి రైతును నిలబెట్టాలన్న తొందర లేకపోయింది. 1975లో సైనిక ప్రభుత్వం కోటిన్నర టన్నులకు పైగా సిమెంటు ఆర్డరు పెట్టింది. లాగోస్ రేవు ఏడాదికి దించుకోగల సరుకుకు అది ఎన్నో రెట్లు. వందల ఓడలు సముద్రంలో లంగరేసి నిలబడ్డాయి. ఒక్కో రోజుకూ ఆలస్య రుసుము (డెమరేజి) కట్టారు. కొన్ని ఓడల్లో సిమెంటు సరుకుగదుల్లోనే గట్టిపడిపోయింది. డబ్బు రాగానే దాన్ని మింగగలిగే రేవులు, రోడ్లు, ఇంజినీర్లు, ఆడిటర్లు వాటంతట అవి పుట్టుకురారని ఇంతకంటే స్పష్టంగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు.

1993లో రిచర్డ్ ఆటీ అనే భూగోళ శాస్త్రవేత్త ఇలాంటి అనుభవాలన్నిటికీ కలిపి ‘వనరుల శాపం’ అని పేరు పెట్టాడు. 1995లో జెఫ్రీ సాక్స్, ఆండ్రూ వార్నర్ అంకెలు పట్టుకొచ్చారు: జాతీయాదాయంలో వనరుల ఎగుమతుల వాటా ఎక్కువగా ఉన్న దేశాలు 1970 తర్వాతి రెండు దశాబ్దాల్లో నెమ్మదిగా పెరిగాయి. ఈ పత్రం తర్వాత ఆ సూత్రం విధిరాతలా ప్రచారమైంది. దాన్ని ఎదిరించినవాళ్లూ గట్టివాళ్లే. 2008లో ఆర్థికవేత్తలు బ్రన్‌ష్వైలర్, బుల్టే ఒక సూటి ప్రశ్న వేశారు. ఎగుమతుల్లో గనుల వాటా ఎక్కువగా ఉండటానికి కారణం గనుల సమృద్ధా, లేక మరే పరిశ్రమా లేకపోవడమా? పేద దేశంలో ఫ్యాక్టరీలు లేవు కాబట్టి చిన్న గని కూడా పెద్దగా కనబడుతుంది. భూమిలో నిజంగా ఎంత ఉంది అని కొలిచి చూస్తే ఆ శాపం కనబడలేదు. అంతకు రెండేళ్ల ముందే నార్వే ఆర్థికవేత్తలు మెలుమ్, మోయెనె, టోర్విక్ సంస్థలు బాగున్న చోట వనరులు మేలు చేస్తాయనీ, దోచుకోవడానికి వీలున్న చోట కీడు చేస్తాయనీ చూపించారు. ఇది సబబైన మాటే. కానీ ‘సంస్థలు బాగుండాలి’ అని చెప్పి ఊరుకుంటే పనికొచ్చేది ఏమీ చెప్పినట్టు కాదు. ఏ సంస్థ, ఎప్పుడు, ఎవరు పెట్టారు అన్నది చూడాలి.

అందుకు వెనెజ్వేలా దగ్గర కాసేపు ఆగడం అవసరం. ఆ దేశం గురించి జరిగే చర్చ చాలావరకు రెండు పక్షాలుగా చీలిపోయింది. ఒకరు తప్పంతా మాజీ అధ్యక్షుడు ఛావెజ్ సోషలిజానిదంటారు, మరొకరు తప్పంతా అమెరికా ఆంక్షలదంటారు. రెండు పక్షాలూ కథను సగం నుంచి మొదలుపెడుతున్నాయి. 1973 చివర్లో అరబ్ దేశాలు సరఫరా బిగించడంతో పీపా చమురు ధర కొద్ది నెలల్లో మూడు డాలర్ల నుంచి సుమారు పన్నెండు డాలర్లకు చేరింది. అప్పటి వెనెజ్వేలా ప్రభుత్వం ఉక్కు, అల్యూమినియం, విద్యుత్తు ప్రాజెక్టులన్నీ ఒకేసారి మొదలుపెట్టింది. చమురు సొమ్ము చాలక, ధర ఎక్కువగా ఉన్న రోజుల్లోనే విదేశాల్లో అప్పు చేసింది. చమురు ఎగుమతి దేశాల కూటమి ఒపెక్ స్థాపకుల్లో ఒకడైన పెరెస్ అల్ఫోన్సో ఈ సొమ్ము దేశాన్ని ముంచుతుందని అప్పుడే హెచ్చరించాడు. 1983లో కరెన్సీ కుప్పకూలింది. 1989లో బస్సు చార్జీలు పెంచితే కరాకస్ వీధుల్లో తిరుగుబాటు లేచింది, సైన్యం కాల్పుల్లో వందలమంది చనిపోయారు. ఇదంతా ఛావెజ్ గద్దెనెక్కడానికి పదేళ్ల ముందరి మాట.

ఛావెజ్ కాలంలో పాత తప్పులు మరింత పెద్దవయ్యాయి. 2002–03 సమ్మె తర్వాత జాతీయ చమురు సంస్థ నుంచి దాదాపు 18 వేలమందిని తీసేశారు. బావుల సంగతి తెలిసిన ఇంజినీర్లు చాలామంది వాళ్లలోనే ఉన్నారు. 1998లో పెట్టిన స్థిరీకరణ నిధి ఖాళీ అయింది. 2008లో చమురు పీపా 147 డాలర్లు తాకినప్పుడు కూడా అప్పు పెరిగిందేగాని పొదుపు పెరగలేదు. ఆ సొమ్ముతో పేదలకు వైద్యం, చదువు, తిండి అందిన మాట వాస్తవం. దాన్ని తక్కువ చేయకూడదు. కానీ తిండి దిగుమతిది, డాలరు ప్రభుత్వ ధరది. ప్రభుత్వ ధరకు డాలర్లు సంపాదించి నల్లబజారులో అమ్ముకోవడం సరుకు పండించడంకంటే లాభసాటి అయింది. 2014లో ధర పడిపోయాక అసలు స్థితి బయటపడింది. 1998లో రోజుకు ముప్పై లక్షల పీపాలకు పైగా తీసిన దేశం 2018 చివరికే అందులో సగంకన్నా తక్కువకు వచ్చింది. 2019 జనవరిలో చమురు సంస్థ మీద అమెరికా ఆంక్షలు వచ్చాయి. 2020 మధ్యలో ఉత్పత్తి ఐదు లక్షల పీపాలకు లోపే. ఆంక్షలు ఆ పతనాన్ని ఇంకా లోతుకు నెట్టాయి, కాని పతనాన్ని మొదలుపెట్టింది అవి కావు. డెబ్భై లక్షలమందికి పైగా దేశం విడిచిపోయారు.

చమురు ధర పడితే దాన్ని అమ్మే దేశాల వాళ్లే దెబ్బతింటారని అనుకోకూడదు. 2014 నడిమిలో వంద డాలర్లు దాటి ఉన్న పీపా 2016 జనవరిలో ముప్పైకి దిగింది. సౌదీ ప్రభుత్వం కాంట్రాక్టర్లకు బిల్లులు ఆపింది, కాంట్రాక్టర్లు కూలీలకు జీతాలు ఆపారు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల నుంచి అప్పుచేసి వీసా కొనుక్కుని వెళ్లినవాళ్లు నెలల తరబడి జీతం లేకుండా క్యాంపుల్లో చిక్కుకున్నారు. ఇఖామా (నివాస అనుమతి) గడువు దాటితే బయట తిరగలేరు. కఫీల్ (పూచీ ఉన్న యజమాని) సంతకం లేకుండా అప్పట్లో ఇంటికి రాలేకపోయేవారు. క్యాంపు వదిలితే ‘ఖల్లివెల్లి’ (పారిపోయిన కూలీ) ముద్ర పడుతుంది. ఆ ఏడాది ఆగస్టులో భారత ప్రభుత్వం వాళ్లకు తిండి అందించి, ఒక కేంద్రమంత్రిని జిద్దాకు పంపవలసి వచ్చింది. కువైట్‌కు మనుషుల్ని పంపే కోనసీమ, కడప ఊళ్ల బతుకూ ఇలాగే చమురు ధరకు ముడిపడి ఉంది. గల్ఫ్ దేశాల ఆర్థిక వ్యవస్థ గురించి రాసే పుస్తకాల్లో ఈ కూలీలు ఒక పట్టికలో ఒక వరుసగా మాత్రమే కనబడటం నాకు బాధ కలిగిస్తుంది. ధరల ఊగిసలాటకు బీమా లేకుండా బలయ్యేది ముందుగా వాళ్లే.

రాజకీయం వైపు నుంచి చూస్తే చమురుకు మరో గుణం ఉంది. జనం దగ్గర పన్ను వసూలు చేయనక్కర్లేని ప్రభుత్వానికి జనానికి లెక్క చెప్పే అవసరం తగ్గుతుంది. రాజకీయ శాస్త్రవేత్త మైఖేల్ రాస్ 2001 నుంచి ఈ వాదనను అంకెలతో బలపరుస్తూ వచ్చాడు. సౌదీ అరేబియా 2018లో మొదటిసారి 5 శాతం విలువ ఆధారిత పన్ను పెట్టి, 2020లో ధర పడ్డాక దాన్ని 15 శాతం చేసింది. పన్ను వచ్చినంత మాత్రాన జవాబుదారీతనం దానంతట అది రాలేదు. కాబట్టి ఈ సిద్ధాంతాన్ని సగమే నమ్ముతాను.

ఇక నిలదొక్కుకున్న దేశాల సంగతి. 1966లో బోట్స్‌వానా స్వతంత్రమైనప్పుడు దేశమంతటా తారు రోడ్డు 12 కిలోమీటర్లు. డిగ్రీ చదివినవాళ్లు 22 మంది అని చెబుతారు. మరుసటి ఏడాది ఒరాపా దగ్గర వజ్రాలు దొరికాయి. ఆ నేల తొలి అధ్యక్షుడు సెరెట్సె ఖామా సొంత తెగ వాళ్లది. ఆయన కోరుకుంటే ఆ సంపద తన తెగకే దక్కేది. 1967లోనే చట్టం చేసి ఖనిజ హక్కులన్నీ తెగల నుంచి దేశానికి బదిలీ చేయించాడు. డబ్బు రాకముందే చేసిన పని అది. వచ్చాక చేసి ఉంటే తెగల మధ్య నెత్తురు పారేదేమో. గనుల సంస్థలో ప్రభుత్వ వాటాను 15 శాతం నుంచి 1975 నాటికి 50 శాతానికి తెచ్చారు. ఆ తర్వాత బడ్జెట్‌కు ఒక కొలమానం పెట్టుకున్నారు: రోజువారీ ఖర్చులు గనులు కాని రాబడి నుంచి సాగాలి, గనుల సొమ్ము రోడ్లు, బడులు, ఆసుపత్రులు, విదేశీ నిధి రూపంలోకి మారాలి. ఆస్తిని అమ్మి మరో ఆస్తి కొనడం అన్నమాట. 1977లో ఆర్థికవేత్త జాన్ హార్ట్‌విక్ గణితంలో చెప్పిన ఈ నియమాన్ని ఒక పేద ఆఫ్రికా దేశం బడ్జెట్‌లో రాసుకుంది.

అయినా అక్కడి కథ సుఖాంతం కాలేదు. వజ్రాల గనిలో ఉద్యోగాలు తక్కువ. మరో ఎగుమతి పరిశ్రమ ఎదగలేదు. ప్రయోగశాలలో తయారైన వజ్రాలు మార్కెట్లో నిండిపోయి గత కొన్నేళ్లుగా సహజ వజ్రాల ధర పడిపోయింది; ఆ దెబ్బ సూరత్‌లో సానపట్టే కార్మికుడి దాకా తగిలింది. 2024లో, స్వాతంత్ర్యం నాటి నుంచి పాలించిన పార్టీని బోట్స్‌వానా ఓటర్లు దించేశారు. 2025 ఆగస్టులో మందుల కొరత మీద కొత్త అధ్యక్షుడు ఆరోగ్య అత్యవసర పరిస్థితి ప్రకటించవలసి వచ్చింది. గద్దె మార్పు శాంతిగా జరగడం ఆ దేశం కట్టుకున్న సంస్థల ఘనతే. కానీ సంస్థలు ఎంత మంచివైనా ఒకే సరుకు మీద నిలబడ్డ దేశానికి ఆ సరుకు గిరాకీని అవి కాపాడలేవు.

నార్వే గురించి అందరూ రాస్తారు కాబట్టి రెండు సంగతులే చెబుతాను. 1968లో ఫారూక్ అల్ కాసిమ్ అనే ఇరాకీ చమురు భూగర్భ శాస్త్రవేత్త, జబ్బుపడ్డ కొడుకు వైద్యం కోసం భార్య దేశమైన నార్వేకు వచ్చాడు. ఓస్లోలో సాయంత్రం రైలు దాకా ఖాళీ ఉండటంతో పరిశ్రమల శాఖకు వెళ్లి పనేమైనా ఉందా అని అడిగాడు. చమురు తెలిసినవాళ్లు అప్పటికి వాళ్ల దగ్గర దాదాపు లేరు, అతన్ని తీసుకున్నారు. మరుసటి ఏడాది ఎకోఫిస్క్ క్షేత్రం బయటపడింది. 1972లో జాతీయ చమురు సంస్థను, దాన్ని అదుపుచేసే డైరెక్టరేట్‌ను విడివిడిగా పెట్టాలన్న ఏర్పాటులో అతని చేయి ఉంది. ఇక రెండోది నిధి. చమురు లాభాల మీద పన్ను 78 శాతం దాకా ఉంది. ఆ సొమ్మంతా విదేశాల్లోనే పెట్టుబడి పెడతారు, దేశంలోకి ఏటా నిధి విలువలో సుమారు 3 శాతమే తెచ్చుకుంటారు. యాభై అయిదు లక్షల జనానికి ఇప్పుడు లక్షన్నర కోట్ల డాలర్లకు పైబడిన నిధి ఉంది. ఈ నమూనాను అన్ని దేశాలకూ సిఫార్సు చేసేవాళ్లు ఒకటి మరిచిపోతారు: చమురు దొరికేనాటికే నార్వేలో బడిలేని పిల్లలు లేరు. పిల్లలు బడిబయట ఉన్న దేశం సొమ్మును న్యూయార్క్ షేర్లలో దాచడం వివేకమనిపించుకోదు. 1970లలో ఇండొనేషియా చమురు సొమ్ముతో ఆరేళ్లలో 61 వేలకు పైగా ప్రాథమిక పాఠశాలలు కట్టింది. ఆ బడుల్లో చదివినవాళ్ల జీతాలు పెరిగాయని ఆర్థికవేత్త ఎస్తర్ డఫ్లో 2001లో లెక్కగట్టి చూపించింది. ఆనాటి సుహార్తో పాలన నియంతృత్వం, అవినీతిమయం. అయినా ఆ బడులు నిలిచాయి.

చిలీలో ఆర్థికమంత్రి ఆంద్రెస్ వెలాస్కో రాగి ధర పొంగినప్పుడు సొమ్ము దాస్తుంటే ఉద్యోగులు వీధుల్లో ఆయన దిష్టిబొమ్మ తగలబెట్టారు. 2008 చివర్లో రాగి ధర కూలాక, దాచిన దానిలోంచి పేదలకు పంచగలిగాడు. పొదుపుకు ఓట్లు రాలవన్న భయాన్ని ఆ ఒక్క అనుభవం కొంత సడలించింది.

దేశం పేరుతో చేసే లెక్కల్లో గని పక్కనున్న ఊరు తప్పిపోతుంది. నైజర్ డెల్టాలో ఒగోని జనం తరఫున గొంతెత్తిన రచయిత కెన్ సారో–వివాను 1995 నవంబరులో ఉరితీశారు. పాపువా న్యూగినీలోని బూగన్‌విల్ దీవిలో పాంగునా రాగి గని మీద మొదలైన గొడవ యుద్ధమై 1989లో గనినే మూయించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బొర్రా అడవుల లీజుల మీద సమత సంస్థ వేసిన కేసులో 1997లో సుప్రీంకోర్టు షెడ్యూల్డు ప్రాంతాల్లో గిరిజనేతర ప్రైవేటు సంస్థలకు గనుల లీజులు చెల్లవని తీర్పిచ్చింది. గని లాభంలో కనీసం అయిదో వంతు ఆ ప్రాంత జనానికే ఖర్చుపెట్టాలంది. మన్యం నుంచి వచ్చిన ఆ తీర్పును ప్రపంచ వనరుల చర్చలో ఎక్కువగా ప్రస్తావించకపోవడం లోటే. భూమి అమ్మకానికి పెట్టినప్పుడు దాని మీద నివసించేవాళ్ల సంతకం అడగాలన్నది అందులోని న్యాయం.

ఇప్పుడు ఇదే పరీక్ష కొత్త సరుకులతో మళ్లీ వస్తోంది. ప్రపంచపు కోబాల్టులో దాదాపు 70 శాతం కాంగో నుంచి వస్తుంది. నికెల్ ముడిరాయి ఎగుమతిని 2020లో నిషేధించి, కరిగించే కొలుములను ఇండొనేషియా తన గడ్డ మీదకే రప్పించుకుంది. అందుకు అడవులు, బొగ్గు పొగ, కార్మికుల ప్రాణాలు మూల్యమయ్యాయి.

అన్నిటికంటే దగ్గరగా గమనించవలసిన దేశం గయానా. ఎనిమిది లక్షల జనాభా. అందులో పెద్ద భాగం చెరకు తోటలకు కూలీలుగా వెళ్లిన భారతీయుల సంతతి. మద్రాసు రేవు నుంచి కదిలిన ఓడల్లో తెలుగువాళ్లూ ఉన్నారు. 2015లో సముద్రంలో చమురు దొరికింది, 2019 డిసెంబరులో ఉత్పత్తి మొదలైంది, 2022లో ఆర్థిక వ్యవస్థ ఒక్క ఏడాదిలో 60 శాతానికి పైగా పెరిగింది. ఒప్పందం మాత్రం 2016లో, బేరమాడే అనుభవం లేని రోజుల్లో కుదిరింది. రాయల్టీ 2 శాతం. ప్రతి నెలా ఉత్పత్తిలో 75 శాతం దాకా కంపెనీలు తమ ఖర్చుల కింద పట్టుకోవచ్చు. మిగిలిన పావులో సగం దేశానిది. అంటే ఖర్చులు తీరేదాకా రాయల్టీతో కలిపి వందకు పద్నాలుగున్నర. ఖర్చు ఎంత చూపిస్తే వాటా అంత ఆలస్యమవుతుంది కాబట్టి, కంపెనీ పెట్టిన బిల్లులను ఒక్కొక్కటిగా తనిఖీ చేయగల సొంత ఆడిటర్లు, ఇంజినీర్లు ఆ దేశానికి కావాలి. నిధి నుంచి ఏటా ఎంత తీయవచ్చో చెప్పే చట్టాన్ని 2019లో చేసి, ప్రభుత్వం మారాక 2021లో తిరగరాశారు. భారతీయ సంతతి, ఆఫ్రికన్ సంతతి ఓటర్లు చాలాకాలం రెండు పార్టీలుగా చీలిన చోట, ఒక పక్షం రాసిన నియమాన్ని రెండో పక్షం గౌరవించే ఏర్పాటు ఇంకా కుదరలేదు. పక్కనున్న వెనెజ్వేలా, గయానా భూభాగంలో మూడింట రెండు వంతులున్న ఎసెకిబో తనదేనని 2023లో ప్రజాభిప్రాయ సేకరణ జరిపింది. చమురు బావులు కొత్తగా తెరుచుకుంటున్న ఈ కొద్ది ఏళ్లలోనే ఆ ఆడిట్లు, ఆ నిధి నియమాలు తేలాలి.